లైన్ క్లియర్ అడిగే గొంతు

మూడేళ్ల కిందటి ఎండాకాలం. నెల్లూరు పొలిమేరలో ఉన్న ఒక పెద్ద సబ్‌స్టేషన్‌లో నేను షిఫ్ట్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. అక్కడి నుంచి ముప్పై మూడు వేల వోల్టుల లైను ఒకటి ఇందుకూరుపేట మీదుగా సముద్రం వైపు వెళ్తుంది. ఆ లైను చివర, రొయ్యల చెరువుల మధ్య, ఒక చిన్న సబ్‌స్టేషన్ ఉంది. దాని పేరు ఇక్కడ రాయను.

ఆ లైను వేసినప్పుడు చుట్టూ వరి పొలాలే. తర్వాత పొలాలు చెరువులయ్యాయి. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా తిరగాలి, లేకపోతే రొయ్య చచ్చి తేలిపోతుంది. పాత సన్న తీగ అంత భారం మోయలేక వేడెక్కి సాగిపోయేది. పైగా సముద్రపు గాలిలోని ఉప్పు పింగాణీ ఇన్సులేటర్ల మీద పేరుకునేది. కాస్త మంచు పడితే చాలు, ఆ ఉప్పు తడిసి లైను ట్రిప్ అయి కరెంటు పోయేది. అందుకని ఆ ఏడాది తీగంతా మార్చి లావుది లాగాలని, పింగాణీ తీసేసి పాలిమర్ ఇన్సులేటర్లు పెట్టాలని పని మొదలైంది. మా శాఖలో తీగలను జంతువుల పేర్లతో పిలుస్తారు. పాతది రాబిట్, కొత్తది డాగ్. కుందేలును దించి కుక్కను ఎక్కిస్తున్నామని లైన్‌మెన్‌లు నవ్వుకునేవాళ్లు.

లైను మీద మనిషి ఎక్కాలంటే ముందు లైన్ క్లియర్ కావాలి. మేం ఎల్‌సీ అంటాం. అవతలి ఆపరేటర్ ఫోన్ చేసి అడుగుతాడు. నేను బ్రేకర్ ఆపి, ఐసోలేటర్లు విప్పి, లైనును భూమికి కలిపి, ఒక నంబరు చెబుతాను. ఆయన దాన్ని తన రిజిస్టర్‌లో రాసుకుంటాడు, నేను నా దాంట్లో రాసుకుంటాను. సాయంత్రం పని ముగిసి అందరూ స్తంభాలు దిగాక, ఎల్‌సీ తీసుకున్న మనిషే ఆ నంబరు చెప్పి దాన్ని తిరిగి ఇవ్వాలి. అప్పుడే నేను కరెంటు వదలాలి. ఒకరి ముందు ఒకరం కూర్చుని చేసే సంతకమేదీ ఉండదు. రెండు గొంతుల మధ్య నడిచే వ్యవహారం అది.

అవతలి గొంతు పెంచలయ్య గారిది. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్లు. ఆయనకు రిటైర్మెంటు దగ్గర పడింది. లైను పని మొదలు కాకముందు వారానికి ఒకటి రెండుసార్లు మాట్లాడుకునేవాళ్లం. పని మొదలయ్యాక రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నేను ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. బరువైన గొంతు, తొందర లేని మాట. మనిషి కూడా ఎత్తుగా, దిట్టంగా ఉంటాడని అనుకునేదాన్ని.

ఎల్‌సీ ఇచ్చేటప్పుడు అక్కడ గాలి ఎలా ఉందని ఆయన్ను అడగడం నా పనిలో భాగమే. కానీ నేను అందుకొక్కదానికే అడగలేదు. నేను పుట్టిన ఊరు ఆ లైను దారిలోనే ఉంది. పదో తరగతి అయ్యాక అక్కడి నుంచి వచ్చేశాం. మళ్లీ వెళ్లడానికి ఒక కారణమంటూ దొరకలేదు. షిఫ్టుల్లో సెలవు రోజు నిద్రకే చాలేది కాదు. కంట్రోల్ రూములో ప్యానెళ్ల మధ్య కూర్చున్నప్పుడు, ఫోన్లో ఆయన వెనక వీచే గాలి చప్పుడు వినబడితే ప్రాణం అటు లాగేది. ఒకరోజు మాటల్లో ఊరి పేరు చెప్పాను. ఆ మర్నాటి నుంచి ఎల్‌సీ నంబరు రాసుకున్నాక ఆయన ఒక్క ముక్క ఎక్కువ చెప్పేవాడు.

"ఇయాల మీ ఊరి పక్కనే పనమ్మా. సరుగుడు తోపు కొంచెం కొట్టేసినారు గానీ, దారి అట్టనే ఉండాది."

అంతే. ఇంకో రోజు రేవులో చేపలు బాగా పడ్డాయని, మరో రోజు బడికి కొత్త గోడ కట్టారని. ఆ ఒక్క ముక్క కోసం నేను పగటి షిఫ్టులు అడిగి మరీ వేయించుకున్నాను.

ఆ రోజు మూడు గ్యాంగులు లైను మీద ఉన్నాయి. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో పడమర నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. చెరువుల వాళ్లు పొద్దుటి నుంచి జనరేటర్ల మీద నెట్టుకొస్తున్నారు, ఇక మా వల్ల కాదని ఫోన్ల మీద ఫోన్లు. అప్పుడు ఆ సబ్‌స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. గొంతు పెంచలయ్య గారిది కాదు. పని చేయిస్తున్న కాంట్రాక్టరు సూపర్‌వైజరట.

"పని అయిపోయింది మేడమ్. ఎల్‌సీ రిటర్న్ రాసుకోండి," అని నంబరు చదివాడు. నంబరు సరిగ్గానే ఉంది.

"పెంచలయ్య గారు ఎక్కడ?"

"బండేసుకొని బయటికి పోయినాడు. నేను రిజిస్టర్ చూసే చెప్తా ఉండా. మూడు గ్యాంగులూ వచ్చేసినాయి."

ఆయన వచ్చాక మాట్లాడించమని ఫోన్ పెట్టేశాను. రెండు నిమిషాలకు మా పై అధికారి ఫోన్ చేశారు. నంబరు కలిసినప్పుడు ఇంకా ఎందుకు ఆలస్యం అన్నారు. తీసుకున్న మనిషి చెప్పలేదు సార్ అన్నాను. గాలివాన మొదలైతే చెరువులు పోతాయి, ఆ బాధ్యత ఎవరిదని అడిగారు. సూపర్‌వైజర్ మళ్లీ చేశాడు. ఈసారి గొంతు పెంచాడు.

నియమం నాకు తెలుసు. కానీ నన్ను ఆపింది అదొక్కటే కాదు. పెంచలయ్య గారు ఎల్‌సీ తిరిగి ఇచ్చే ప్రతిసారీ నంబరు చెప్పాక, "మనుషులంతా దిగినారు, నేను చూసినా" అనేవాడు. నియమాల పుస్తకంలో ఆ మాట లేదు. ఆయన సొంతంగా పెట్టుకున్నది. ఆ మాట వినకుండా ఆ లైనుకు నేను ఎప్పుడూ కరెంటు వదల్లేదు. అయినా భయం భయమే. ఒకసారి లేచి ప్యానెల్ దగ్గరికి నడిచాను కూడా.

అరగంట దాటాక ఫోన్ మోగింది. గాలి హోరులో ఆయన మాట తునకలు తునకలుగా వచ్చింది.

"కరెంటు ఇవ్వొద్దమ్మా. ఒకడు ఇంకా పైనే ఉండాడు."

తర్వాత తెలిసింది. రెండు గ్యాంగులే ఆయనకు చెప్పి వెళ్లాయి. వాగు పక్క పనిచేసే మూడో గ్యాంగు నుంచి ఫోన్ లేదు. అక్కడ సిగ్నల్ ఉండదు. సూపర్‌వైజర్ అందరూ వచ్చేశారంటున్నా నమ్మకుండా ఆయన స్కూటర్ మీద చూడబోయాడు. వెళ్లేసరికి ఆ గ్యాంగు తమ రక్షణ కోసం తీగను భూమికి కలుపుతూ తగిలించుకున్న ఎర్త్ రాడ్లు తీసేసి సామాను సర్దుకుని వ్యాను దగ్గరికి పోయింది. మస్తాన్ అనే లైన్‌మన్‌కు మాత్రం ఒక ఇన్సులేటరు దగ్గర కట్టు వదులుగా కనిపించి, దాన్ని బిగించి వస్తానని మళ్లీ ఎక్కాడు. పెంచలయ్య గారు కింద నుంచి అరిస్తే గాలికి వినబడలేదు. తువ్వాలు ఊపి, అతను చూసి దిగడం మొదలుపెట్టాక, సిగ్నల్ దొరికే కట్ట మీదికి వచ్చి నాకు ఫోన్ చేశాడు.

ఆరు గంటలకు ఎల్‌సీ తిరిగి ఇచ్చాడు. తన పేరు, నంబరు, "మనుషులంతా దిగినారు, నేను చూసినా." నేను కరెంటు వదిలాను. ఆ రోజు ఇద్దరం ఇంకేమీ మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా ఆ సంగతి ఎత్తలేదు.

వానలు పడేలోపు కొత్త లైను పూర్తయింది. దాంతోపాటే చివరి సబ్‌స్టేషన్‌ను దూరం నుంచే నడిపే ఏర్పాటు వచ్చింది. ఎల్‌సీ అడగడం కంప్యూటర్ తెర మీదికి మారింది. ఒక పొద్దున ఏదో అవసరమై అక్కడికి ఫోన్ చేస్తే కొత్త గొంతు పలికింది. పెంచలయ్య గారు పోయిన నెలే రిటైరయ్యారని చెప్పింది. నాకు ఒక్క మాట చెప్పలేదు. ఆయన సొంత నంబరు కూడా నా దగ్గర లేదు. ఆ ఒక్క సాయంత్రం తప్ప అన్నాళ్లూ మాట్లాడింది సబ్‌స్టేషన్ ఫోన్లోనే, మా కంట్రోల్ రూము ఫోన్లో చేసినవాళ్ల నంబరు పడదు. లైను నిక్షేపంగా నడుస్తోంది, ట్రిప్పులు తగ్గాయి, అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం పగటి షిఫ్టులో ఏదో వెలితి. మా ఊరి మాట చెప్పేవాళ్లు లేకుండా పోయారు.

చాలా నెలల తర్వాత, పని మీద మా సబ్‌స్టేషన్‌కు వచ్చిన మస్తానే నాకు ఆయన అడ్రసు సంపాదించి పెట్టాడు. ఆయన సూళ్లూరుపేటలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఒక సెలవు రోజు చెన్నై వైపు వెళ్లే రైలెక్కాను. తలుపు తీసిన మనిషి పొట్టిగా, బక్కగా ఉన్నాడు. గొంతు విన్నాకే ఆయనేనని తెలిసింది. ఫోన్లో అమ్మా అని పిలిచిన మనిషి, ఎదురుగా నన్ను మేడమ్ అన్నాడు. నేను కూర్చునేదాకా నిలబడే ఉన్నాడు. కూతురు కాఫీ ఇచ్చి వెళ్లింది.

చెప్పకుండా ఎందుకు వెళ్లిపోయారని అడిగాను.

"ఏమని చెప్పేది మేడమ్. ఆ ఫోన్లో చెప్పే మాట కాదు గదా అది."

ఆ సాయంత్రం సంగతి తనే ఎత్తాడు.

"వాగు కాడికి పోతా పోతా ఒకటే అనుకున్నా. వీళ్లు ఫోన్ చేసేస్తారని నాకు తెలుసు. ఎవురు చేసినా, నా గొంతు ఇనకుండా ఆయమ్మ ఇవ్వదు. అదే అనుకుంటా బండి తోలినా."

అంత నమ్మకానికి నేను తగనని అనిపించింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"నేను ఒకసారి స్విచ్ మీద చెయ్యి పెట్టాను," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. ఆ తర్వాత మేడమ్ అనడం మానేశాడు.

"పెట్టినావు గానీ, తిప్పలా," అన్నాడు.

సాయంత్రం రైలుకు స్టేషన్ దాకా నడిచి వచ్చాడు. మళ్లీ రమ్మన్నాడు, వస్తానన్నాను. ఇంకా వెళ్లలేకపోయాను. నాకు తలుపు తీసిన ఆ మనిషి మంచివాడే. కానీ నేను వెతుక్కుంటూ వెళ్లింది ఆ పొద్దుటి మాటలను. అవి ఆ పనితోపాటే అయిపోయాయని తిరిగొచ్చేటప్పుడు రైల్లో అర్థమైంది.

ఎల్‌సీ అనేది ఒక నంబరు అనుకుని నేను ఉద్యోగంలో చేరాను. దాని అవతల, మనం తొందరపడబోమని నమ్మి స్తంభం ఎక్కిన మనిషి ఉంటాడని ఆ లైను నేర్పింది. ఇప్పుడు కొత్తగా వచ్చే ఇంజినీర్లకు చెబుతాను: తెర మీద అంతా సరిపోయినా ఒకసారి ఫోన్ చేయండి, అవతల ఎవరున్నారో వినండి. కొందరు చేస్తారు. వాళ్లు స్పీకర్ పెట్టి మాట్లాడుతుంటే, ఆ గొంతు కాదని తెలిసి కూడా, చేతిలో పని ఆపి వింటాను.