లీట్రిమ్ జట్టులో తొమ్మిదో మనిషి

కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి ఒక తెగులు ఉంటుంది. తనకు ఏమాత్రం తెలియని పని అప్పగించినా ‘అది నా బాధ్యత సార్’ అనేస్తాడు. ఆ రోజుల్లో నాకు ఆ తెగులు బాగా ముదిరి ఉండేది. జగిత్యాల వైపు నుంచి వచ్చి బహ్రెయిన్‌లో ఒక కట్టడాల కంపెనీలో టైమ్‌కీపర్‌గా కుదిరాను. ఎవరు ఎన్నింటికి డ్యూటీ ఎక్కారు, ఎన్నింటికి దిగారు, ఎవరికి ఎంత ఓవర్‌టైం, అన్నీ రూళ్లకర్ర పెట్టి గీతలు గీసి మరీ రిజిస్టర్‌లో రాసేవాణ్ణి. (గీతలు గీయమని నాకెవరూ చెప్పలేదు.) క్యాంపుకు చేరాక అదే శ్రద్ధతో డైరీ రాసుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ డైరీల్లో ఉన్నదే. నన్ను నేను వెనకేసుకొచ్చిన వాక్యాలు మాత్రం ఈమధ్య చదివి కొట్టేశాను.

మా సైటు ఇంజినీరుది ఐర్లండ్. ఎండకు ముఖం టమాటా పండులా అయ్యేది కాబట్టి మావాళ్లు ఆయనకు ఎర్రసార్ అని పేరు పెట్టారు. ఆయనకు రెండే విషయాల మీద ప్రేమ. ఒకటి కాంక్రీటు, రెండోది హర్లింగ్ అనే వాళ్ల దేశపు ఆట. కొస చదునుగా ఉన్న కర్రతో తోలుబంతిని కొడతారు. గాలిలో వచ్చే బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కర్ర మీద నిలబెట్టుకుని పరిగెత్తవచ్చు. మైదానం రెండు చివర్లా నిలువు గుంజలు, వాటి మధ్య ఒక అడ్డ దూలం ఉంటాయి. బంతి దూలం కింద నుంచి వెళ్తే గోలు, అంటే మూడు పాయింట్లు. పైనుంచి వెళ్తే ఒక్క పాయింటు. అక్కడ కొన్ని పెద్ద జిల్లాలవాళ్లు పుట్టుకతోనే ఈ కర్ర పట్టుకుంటారట. ఎర్రసార్‌ది లీట్రిమ్ అనే చిన్న జిల్లా. అక్కడ ఈ ఆట ఆడేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చని ఆయనే చెప్పేవాడు. చెప్పి, ఆ వేళ్లను పిడికిలిగా బిగించేవాడు.

బహ్రెయిన్‌లో ఉన్న ఐర్లండ్‌వాళ్లు చలికాలంలో శుక్రవారాలు పోటీలు పెట్టుకునేవారు. జట్టుకు తొమ్మిది మంది. పోటీల సెక్రటరీ ఒక పెద్ద జిల్లాకు చెందిన మీసాలాయన. లీట్రిమ్ పేరుతో జట్టు పెడతానని ఎర్రసార్ అడిగితే ఆయన నవ్వాడట. “ముందు ఆటకు స్థాయి ఉండాలి. రానివాళ్ల చేతికి కర్ర ఇస్తే ఆట పరువు పోతుంది” అన్నాడట. “కర్ర ఇవ్వకపోతే వచ్చేదెలా? మా జిల్లాకు తరతరాలుగా మీరు చెప్తున్నది ఇదే” అని ఎర్రసార్ బల్ల గుద్ది, జట్టు పేరు రాయించి, పోటీలవాళ్ల కర్రలు తొమ్మిది అడిగి తెచ్చుకున్నాడు. తీరా చూస్తే ఆయనా, ఒక బడిపంతులూ, ఒక బ్యాంకు ఉద్యోగీ కలిపి ముగ్గురే తేలారు.

మిగతా ఆరుగురు మా క్యాంపులో దొరికారు. తాపీపని చేసే మా బావ ఒకరోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక, సెంట్రింగ్ చెక్క ముక్క ఒకటి నేలమీద పెట్టి, ఇంకో కట్టెతో దాన్ని గాలిలోకి లేపి కొట్టాడు. అది రెండంతస్తుల మీదుగా పోయి క్రేన్‌కు తగిలింది. మాకది చిన్నప్పటి చిర్రగోనె, కొన్నిచోట్ల బిళ్లంగోడు అంటారే, అదే. ఎర్రసార్‌కు మాత్రం దేవదూత కనిపించినట్లయింది. “వీడు నాకు కావాలి. ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారా?” అన్నాడు. ఎందుకు లేరు, చిర్రగోనె ఆడని మగపిల్లాడు మా వైపు ఉండేవాడా? “తొమ్మిది మంది లెక్క నా బాధ్యత సార్” అన్నాను. రిజిస్టర్‌లో కొత్త పేజీ తీసి గీతలు గీశాను.

మొదటి ఆట సఖీర్ దారిలో, ఒట్టి గులకరాళ్ల మైదానంలో జరిగింది. (ఇప్పుడు కార్ల పందేలు జరిగే వైపే. అప్పట్లో అక్కడ వేగంగా పోయేది గాలి ఒక్కటే.) మావాళ్ల తలలకు పసుపుపచ్చ సైటు హెల్మెట్లు. నీళ్ల ట్యాంకర్ నడిపే హైదరాబాద్ భాయ్ తన బండిని గీతకు దగ్గరగా నిలిపాడు. ఆట మొదలైన కాసేపటికే మా బావ బంతిని లేపి కొట్టాడు. అవతలి జట్టువాళ్లు కూడా నోరు తెరిచి చూశారు. వాళ్లలో పొడుగాటి మనిషి ఒకడు ఎగిరి దాన్ని చేత్తో పట్టుకున్నాడు. బావ కర్రను నేలమీద పెట్టి, హెల్మెట్ తీసి చంకన పెట్టుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి ట్యాంకర్ నీడలో కూర్చుని నారింజపండు ఒలవసాగాడు.

ఎర్రసార్ ఆట వదిలేసి గీత దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“అతనికి దెబ్బ తగిలిందా?”

“లేదు సార్. ఔటయ్యాడు.”

“ఈ ఆటలో ఔట్ లేదయ్యా!”

“అది అతనికి తెలీదు సార్.”

“అయితే చెప్పు!”

చెప్పాను. బావ తొన నోట్లో వేసుకుని నన్ను జాలిగా చూశాడు. “గాలిల పట్టిండు గద బామ్మర్దీ. సాఫ్‌గ పట్టిండు. మల్ల నేను పోయి ఆడితె తొండి కాదా? మన ఇజ్జత్ పోదా?” మేం మాట్లాడుకుంటూ ఉండగానే ఇంకో ఇద్దరు ఔటై వచ్చారు. ఆట ముగిసేసరికి మైదానంలో మా జట్టువాళ్లు ఐదుగురు, ట్యాంకర్ నీడలో నలుగురు. నీడలో ఉన్నవాళ్లు నిజాయితీపరులు కాబట్టి వాళ్ల ముఖాల్లో ప్రశాంతత ఉంది. రెండో ఆటకు ముందు నేను అందరికీ అరగంట సేపు పాఠం చెప్పాను. అయినా ఇద్దరు అలవాటుకొద్దీ బయటికి వచ్చేశారు.

మర్నాడు మీసాలాయన నుంచి ఉత్తరం వచ్చింది. మూడో ఆటలో మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా తొమ్మిది మందీ మైదానంలో ఉండాలి. ఒక్కడు తగ్గినా లీట్రిమ్ పేరు కొట్టేస్తారు, కర్రలు తిరిగి ఇచ్చేయాలి. ఎర్రసార్ ఆ ఉత్తరాన్ని నా బల్లమీద పెట్టాడు. “గెలుస్తామని నేను అనుకోవడం లేదు. ఎన్ని గోల్సు పడినా పర్లేదు. మా జిల్లా పేరు ఆ కాగితం మీద ఉండాలి. ఉంటేనే కదా వచ్చే ఏడు బాగా ఆడేది?” అన్నాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి చిన్నగా మాట్లాడేసరికి చేతిలోని రూళ్లకర్ర పక్కన పెట్టాను. “తొమ్మిది నా బాధ్యత సార్” అన్నాను మళ్లీ.

రెండు వారాల కార్యక్రమం డైరీలో రాశాను. రోజూ డ్యూటీ దిగాక క్యాంపు వెనక గంటసేపు సాధన. ప్రతి కర్ర మీదా సైటు పెయింటుతో ‘ఔట్ లేదు’ అని తెలుగులో రాయించాను. వాళ్లు కొట్టిన బంతిని ఎవరో ఒకరు పట్టాలి, కొట్టినవాడు కదలకుండా నిలబడాలి, అదే సాధన. నిలబడేవారు కానీ, దొంగతనం చేసినవాళ్లలా తలలు దించుకునేవారు. మూడోరోజు బావ నన్ను పక్కకు పిలిచాడు.

“ఔట్ లేని ఆట ఏందిరా బామ్మర్దీ? మరి ఎప్పుడు బందైతది?”

“విజిల్ వేసినప్పుడు.”

“గాలిల పట్టినా?”

“పట్టినా.”

“కింద పడ్డా?”

“పడ్డా సరే. విజిల్ వేసేదాకా జాగ వదలొద్దు.”

బావ కర్రను భుజానికెత్తుకున్నాడు. “అంటే డ్యూటీ లెక్కన?”

“అచ్చం డ్యూటీ లెక్కనే బావా.”

“గట్ల చెప్పకపోతివి మొదలే!” అని వెనక్కి తిరిగి కేకేశాడు. “ఓ పోరగాండ్లూ! ఇది ఆట కాదట. డ్యూటీ అట. విజిలేసెదాంక ఎవడు జాగ ఇడిచినా ఆబ్సెంటే!” ఆ క్షణం నుంచి ఒక్కడూ తల దించుకోలేదు. నా అరగంట పాఠం చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. (ఆ మాట నాకు తోచినట్లుగా డైరీలో రాసి ఉంది. అదే నేను ముందు చెప్పిన కొట్టివేతల్లో ఒకటి.)

మూడో ఆట ఉన్న శుక్రవారం ఉదయం మైదానానికి చేరి తలలు లెక్కపెడితే ఎనిమిది తేలాయి. కడ్డీలు వంచే మా పొట్టోణ్ణి కాంక్రీటు పని ఉందని పొద్దున్నే ఫోర్‌మన్ పట్టుకుపోయాడట. ఆ ఓవర్‌టైం కాగితం మీద ముందురోజు సంతకం పెట్టింది నేనే. పేరు చూడలేదు, గీతలు తిన్నగా ఉన్నాయో లేదో చూశాను. క్యాంపుకు వెళ్లి ఇంకొకణ్ణి తెచ్చే వ్యవధి లేదు. ట్యాంకర్ భాయ్ వైపు ఆశగా చూశాను.

“నా కమర్ ట్యాంకర్‌లనే ఖతమైంది సాబ్. రాసుడు బంజేసి మీరే నిలబడుర్రి” అన్నాడు భాయ్, నడుం పట్టుకుని.

“పరుగెత్తలేను భాయ్. నాకు కర్ర పట్టడం కూడా రాదు.”

“నిలబడనీకి పరుగెత్తుడు ఎందుకు సాబ్?”

ఎర్రసార్ తన హెల్మెట్ తీసి నా తలమీద పెట్టాడు. నేను డైరీని భాయ్ చేతికిచ్చి, బండిని నీడ పడనంత దూరంలో పెట్టమని చెప్పి, ఇస్త్రీ ప్యాంటుతోనే వెళ్లి గోలు గుంజల మధ్య నిలబడ్డాను.

గోళ్లు కొరుక్కుంటూ చూసేంత పోటీ ఏమీ జరగలేదు. ఎర్రసార్ ఒంటెలా అటూ ఇటూ పరుగెత్తాడు. బడిపంతులు రెండుసార్లు పడి లేచాడు. నా పక్కనుంచీ, నా మీదుగానూ, ఒకసారి నా కాళ్ల మధ్యనుంచీ బంతులు పోతూనే ఉన్నాయి. మధ్యలో బావ కొట్టిన బంతి ఒకటి అవతలి దూలం మీదుగా పోయి మాకు ఒక పాయింటు వచ్చింది. మైదానమంతా మాదే అన్నట్లు అరిచాం. ఆ ఉత్సాహంలోనే అనుకుంటాను, తర్వాత వచ్చిన బంతికి నేను కళ్లు మూసుకుని చేతులు చాపాను. అది వచ్చి అరచేతుల్లో పడింది. నా జన్మలో నేను పట్టిన మొదటి క్యాచ్ అది.

“ఔట్!” అని అరిచాను. వేలు పైకెత్తాను. అంతటితో ఆగలేదు, బంతిని మర్యాదగా గోలు గీత మీద పెట్టి, కొట్టినవాడు ఎప్పుడు వెళ్లిపోతాడా అని చూస్తూ నిలబడ్డాను. కొట్టినవాడు, ఆరోజు అవతలి జట్టుకు ఆడుతున్న మీసాలాయనే. ఆయన రెండు క్షణాలు నా వేలు వైపు చూసి, కర్రతో బంతిని మెల్లగా నా వెనకున్న వలలోకి నెట్టాడు. అవతలి చివరనుంచి బావ కేక వినిపించింది: “కట్టెమీద రాపిచ్చినోడివి నువ్వే గదరా బామ్మర్దీ! సదువుకో ఒకపారి!”

చదువుకునే తీరిక లేకుండానే తర్వాతి బంతి వచ్చి ఎడమకాలు ముంగాలి ఎముకకు తగిలింది. కూలబడ్డాను. ఇసుక, ఆకాశం, హెల్మెట్ అంచు కలిసిపోయాయి. మోసుకెళ్లి ట్యాంకర్ దగ్గర కూర్చోబెడతామని అవతలివాళ్లే వచ్చారు. వెళ్తే ఎనిమిది. ఎర్రసార్ నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, “నిలబడగలవా? ఆడక్కర్లేదు” అన్నాడు. ఆయన ముఖం మొదటిసారి తెల్లగా ఉంది. నేను గుంజను పట్టుకుని లేచాను. ఎడమకాలు ఎత్తి, కుడికాలి మీద, గుంజను కౌగిలించుకుని నిలబడ్డాను. ఇంకా రెండు గోల్సు పడ్డాయి. ఒక్కటీ ఆపే ప్రయత్నం చేయలేదు. విజిల్ కోసం చెవులు రిక్కించడమే నా పని. ఓవర్‌టైం చేసేవాళ్లు గడియారం వైపు ఎందుకలా చూస్తారో ఆరోజు తెలిసింది.

విజిల్ మోగింది. మీసాలాయన మైదానం మధ్యలోకి వచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. నా దగ్గరికి వచ్చి, ఎత్తిన కాలినీ పట్టుకున్న గుంజనూ చూసి, “తొమ్మిది” అన్నాడు. తర్వాత ఎర్రసార్ వైపు తిరిగి, “ఆటకు స్థాయి ఏమీ లేదు” అన్నాడు.

“స్థాయి ఇంకా రాలేదు. ముందు మనుషులు వచ్చారు” అన్నాడు ఎర్రసార్.

మీసాలాయన మీసం సవరించుకుని చేయి చాచాడు. “కర్రలు మీ దగ్గరే ఉంచుకోండి. వచ్చే ఏడు ఇదే రోజుల్లో.”

ఎన్ని గోల్సు తేడాతో ఓడామో డైరీలో లేదు. ఆరోజు భాయ్ చేతిలో ఉన్న డైరీలో ఉర్దూలో ఏదో గీసి ఉంది, అది లెక్క అయి ఉండదు. ఆ సాయంత్రం క్యాంపులో వండిన బిర్యానీ గెలిచినవాళ్ల బిర్యానీలాగే ఉందని మాత్రం రాసుకున్నాను. జట్టు ఇంకో మూడు చలికాలాలు ఆడింది. బావకు నలుగురు శిష్యులు తయారయ్యారు. చివరి ఏడు ఒక ఆట గెలిచాం కూడా, ఆరోజు నాకు ఆఫీసు పని ఉండి చూడలేదు. ఎర్రసార్ తన దేశం వెళ్లాక ఒకే ఉత్తరం రాశాడు. వాళ్ల ఊరి బడిలో పిల్లలకు కర్రలు పంచుతున్నాడట. ఆట రాకపోయినా తొమ్మిది మంది కుదిరారని రాశాడు.

ఇప్పుడు నేనూ మా ఆవిడా ముహర్రక్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. మొన్న చలికి కాలు సలుపుతుంటే అమ్మాయి క్లినిక్‌కు తీసుకెళ్లింది. కేరళ డాక్టరమ్మ ఎముక మీది గుంటను నొక్కి చూసి, పాత దెబ్బలా ఉందే, ఎక్కడ తగిలిందని అడిగింది. ఆడుతుండగా అన్నాను. ఏ జట్టుకు అంది. నేను ఎన్నడూ అడుగుపెట్టని, పటంలో వెతికితే గాని దొరకని ఆ జిల్లా పేరు చెప్పాను. ఆమె కలం ఆపి మా అమ్మాయి వైపు చూసింది. మా అమ్మాయి నేల చూసింది. “ఎంతసేపు ఆడారు?” అంది డాక్టరమ్మ, పెద్దవాళ్లను బుజ్జగించే గొంతుతో.

“ఆడలేదమ్మా, నిలబడ్డాను” అన్నాను. ఆ మాట చెప్తున్నప్పుడు కుర్చీలో నా నడుం తనంతట తానే నిటారుగా అయింది. ఇన్నేళ్లు గడిచినా ఈ ముసలివాడికి ఇంకా ఇంత పొగరెక్కడిదని నాకే నవ్వొచ్చింది.