నాన్న ఆకలికి సాక్ష్యం

మొన్న మా డాక్టరమ్మ, ఒక పగలూ రాత్రీ నా పొట్టలోంచి దిగిన నీళ్లన్నీ డబ్బాలో పట్టి తెమ్మంది. మూత్రపిండాలు చెడినప్పటినుంచీ ఇంట్లోనే రోజుకు నాలుగుసార్లు డయాలసిస్ నీళ్లు పొట్టలోకి ఎక్కించుకుని దించుకుంటున్నాను. అది చాలుతోందో లేదో ఆ పరీక్షలో తేలుతుందట. డబ్బా మోసుకుని ఆసుపత్రి మెట్లెక్కుతుంటే, ఎనభైల్లో ఇదే జబ్బుతో గుంటూరు ఆసుపత్రుల చుట్టూ తిరిగిన మా నాన్న గుర్తొచ్చారు.

మాది చిలకలూరిపేట పక్క పల్లె. పత్తీ మిరపా పండిన మా పొలాలు నాకు ఊహ తెలిసేసరికే చేతులు మారాయి. అయినా ఎవరైనా భోజనమైందా అంటే, పొయ్యి వెలగని రోజైనా సరే, ఇప్పుడే అయిందండీ అనడం మా ఇంటి పద్ధతి. అది మాకు అబద్ధంగా తోచేది కాదు.

అప్పట్లో పది రోజులకోసారి నాన్నను ఆసుపత్రిలో పడుకోబెట్టి, పొట్టలోకి గొట్టం దించి, సీసాలకొద్దీ నీళ్లు ఎక్కించి దించేవారు. ఎన్నాళ్లకోసారి చేయాలన్నది డాక్టరుగారు రక్తంలో యూరియా చూసి, ఆకలి ఎలా ఉందో అడిగి నిర్ణయించేవారు. నాన్న ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చుని, "మా ఇంట్లో తిండికేం లోటండీ, రెండు పూటలా సుష్టుగా తింటున్నాను" అనేవారు. పక్కన నేను తలూపేవాణ్ణి. నిజానికి అన్నం వాసనకే ఆయనకు వాంతి వచ్చేది. అమ్మ కలిపిన ముద్దలు కంచంలోనే ఎండిపోయేవి.

ఒకరోజు డాక్టరుగారు కాగితం చూసి సంతోషించారు. "యూరియా తక్కువే ఉంది, తిండీ బాగుంది. ఇక పదిహేను రోజులకోసారి చాలు."

నాన్న లేవబోయి, తూలి, బల్ల అంచు పట్టుకున్నారు. నాకు నోరాగలేదు.

"తినట్లేదండీ. నెల నుంచీ నాలుగు ముద్దలు కూడా దిగట్లేదు."

"ఒరేయ్, నోర్ముయ్! బయటికి నడు!" అన్నారు నాన్న.

"ఆయన్ని తిట్టుకోనీ బాబూ, నువ్వు చెప్పు" అంది నర్సమ్మ.

అంతా చెప్పాను. డాక్టరుగారు కాగితం పక్కన పెట్టేశారు. తిండి లేని ఒంట్లో యూరియా పెద్దగా పెరగదట. వైద్యం చాలుతోందని తాను మురిసిన ఆ తక్కువ అంకె, నాన్న పస్తుల వల్ల వచ్చిందట. వైద్యం చాలకే ఆకలి చచ్చింది, ఇక ఐదు రోజులకోసారి చేయాలి, ప్రతిసారీ మరిన్ని సీసాలు ఎక్కించాలి అన్నారు.

నెల తిరిగేసరికి నాన్న కంచం ముందు కూర్చుని అమ్మతో, "ఇంకొంచెం వెయ్యవే" అన్నారు.

ఆ తర్వాత ఏడాదికి పైగా బతికారు. నాతో మాత్రం నేరుగా మాట్లాడలేదు. ఏం కావాలన్నా, "నీ కొడుక్కి చెప్పు" అని అమ్మతోనే అనేవారు. ఇప్పటి పిల్లలు డాక్టరు అడక్కముందే అన్నీ చెప్పేస్తారు, పెద్దలూ తప్పు పట్టరు. అదే మంచిది. నేను చేసినదానికి నాకూ విచారం లేదు. కాకపోతే, ఆ ఏడాదిలో ఒక్కసారైనా నన్ను మళ్లీ ఒరేయ్ అని తిట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది.