జారని ముడి

మా మామకు నా ముడి ఏనాడూ నచ్చలేదు. నా పుట్టింట్లో మగ్గం లేదు. మా నాయన ఎప్పుడో నేత మాని రాజంపేట దగ్గర కిరాణా అంగడి పెట్టుకున్నాడు. అందుకని పెళ్లయి ఈ నేత వీధికి వచ్చాక తెగిన పోగు అతకడం మామే నేర్పించాడు. రెండు కొసలూ వేళ్ల మధ్య పట్టి, మెలేసి లాగితే, ముడి కంటికి కనపడకూడదు, ఎంత గుంజినా జారకూడదు. పదకొండేళ్లు ఆయన నా ముడులను గోటితో గీకి చూశాడు. చూసి, ‘జారుతాది’ అనేవాడు. ఇంకో మాట ఉండేది కాదు. నాకు ఒళ్లు మండేది.

మగ్గం గుంతలో నలభై ఏళ్లు కాళ్లు వేలాడేసి కూర్చున్నందుకు ఆయన కాళ్ల నరాలు పాడయ్యాయి. నిప్పుల మీద నిలబెట్టినట్టు మంట అనేవాడు. చేతులకు వణుకు వచ్చి మగ్గం దిగేశాడు, ఆ గుంతలో నేను కూర్చున్నాను. కడప పెద్దాసుపత్రి మాత్రలు కడుపులో ఇమడలేదు. అప్పుడు గుట్ట మీది మఠంలో ఎవరో బైరాగి నాలుగు గింజలిచ్చాడట. వాటిలో ఒకటి మా పెరట్లో, స్నానాల నీళ్లు పారే చోట మొలిచింది. మందు చెట్టు అన్నాడు మామ. ఏం మందో నాకు తెలుసు. తెలియనట్టు ఉన్నాను. ఆకు పాలలో కాచి తాగిన రోజున ఆయన మూలగకుండా పడుకునేవాడు.

నా భర్త కడపలో హోంగార్డు. వారానికొకసారి ఇంటికొచ్చి, పట్టుబడిన గంజాయి మూటలు మోసి భుజాలు పడిపోయాయని నాచేత నూనె రాయించుకునేవాడు. నేను రాస్తూ పెరటి తలుపు వైపు చూసేదాన్ని. ఈ సంగతి బయటపడితే ఆయన ఉద్యోగం ఒక్క పూట నిలవదు. మా ఇల్లు నడిచేది దాని మీదే. చెట్టు కొట్టేయమని మామకు చెప్పలేను, మొగుడికి అసలే చెప్పలేను. అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయి. అందుకని ఆయన వచ్చే రోజు పొద్దున్నుంచే ఇల్లంతా సాంబ్రాణి వేసేదాన్ని. చెట్టు కనపడకుండా పెరట్లో తీగ మీద తడి చీరలు ఆరేసి, ఆయన కాళ్లు కడుక్కునే నీళ్లు వీధి గుమ్మం దగ్గరే పెట్టేదాన్ని. ఈ మధ్య నాకు భక్తి ఎక్కువైందని ఆయన నవ్వేవాడు.

చెట్టు గోడ దాటింది. ఆశ్వయుజంలో వాన గాలి కొట్టిన మధ్యాహ్నం ఒక కొమ్మ చీలి, చెట్టు సగం నేలకు ఒరిగింది. దాన్ని అలాగే వదిలేసి ఉంటే నా పీడ వదిలేది. మామ పెరటి తలుపు పట్టుకుని నిలబడి, ‘ఎట్లన్నా నిలబెట్టమ్మా’ అన్నాడు. అడగడం ఆయనకు అలవాటు లేదు.

అటక మీది ఇనుప జాలీ దించి చెట్టు చుట్టూ గుండ్రంగా చుట్టాను. ఊగకుండా పాత మగ్గం కర్రలు నాలుగు పాతాను. మిగిలిపోయిన పసుపు నూలు పేని, ఒక్కో కొమ్మనూ జాలీకి కట్టాను. వేరే ముడి నా చేతికి రాదు, నేత ముడే వేశాను. కట్టేటప్పుడు భయం గుర్తు రాలేదు. పని బాగా కుదురుతోందని సంతోషమేసింది కూడా. ఆ సంతోషానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆ తర్వాత ఎంత గాలి వచ్చినా అది కదల్లేదు. ఇంకా ఏపుగా గుబురుకట్టింది. దాని వాసన వంటింట్లోకి, నా జుట్టులోకి వచ్చేసింది. పక్కింటి ఆమె పలకరించినా పెరటి తలుపు మూసొచ్చి మాట్లాడేదాన్ని. పుట్టింటికి నాలుగు రోజులు పోదామన్నా, వెనకాల ఎవరు సాంబ్రాణి వేస్తారని ఆగిపోయేదాన్ని.

ఒక శుక్రవారం నా భర్త చెప్పకుండా వచ్చాడు. సాంబ్రాణి లేదు, తీగ మీద చీరల్లేవు. కాళ్లు కడుక్కోవడానికి నేరుగా పెరట్లోకి పోయాడు. నేను మగ్గం గుంతలోంచి లేచి వెళ్లేసరికి జాలీ ముందు నిలబడి ఉన్నాడు. మామ తడబడుతూ వచ్చి, నాటిందీ కట్టిందీ తానేనన్నాడు.

‘నీ చేతులు ఒణుకుతాండాయి నాయనా. గ్లాసు గూడా పట్టుకోలేవు’ అన్నాడు నా భర్త.

ఆయన కూడా నేత ఇంట్లోనే పుట్టాడు. ఒక ముడి మీద గోరు పెట్టి గీకి, నా వైపు చూశాడు. అరిచి ఉంటే బాగుండేది.

‘కట్టినోళ్లే కోయాల’ అని, లోపలికి పోయి గడ్డపార తెచ్చి పెరట్లో గుంత తవ్వడం మొదలుపెట్టాడు.

నేత ముడి విప్పరాదు, కోయాల్సిందే. మగ్గం దగ్గరి కత్తెర తెచ్చి ఒక్కొక్కటే కోశాను. కొమ్మలు ఒక్కొక్కటే వాలిపోయాయి. నా భర్త చెట్టును పెకలించి, కొమ్మలు విరిచి గుంతలో వేశాడు. మామ గడప మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఆయన ఏడ్చినా నేను తట్టుకునేదాన్నేమో.

చివరి కొమ్మ గుంతలో పడ్డాక మామ పాక్కుంటూ వచ్చి నేల మీది పసుపు పోగొకటి తీసుకున్నాడు. ముడికి రెండు పక్కలా పట్టి, వణికే చేతులతో గుంజాడు. ఇంకోటి తీసి గుంజాడు.

‘ఒక్కటి గూడా జారలేదమ్మా’ అన్నాడు.

పదకొండేళ్లు నేను కాచుకున్న మాట అది. కత్తెర కింద పెట్టి ఆయన పక్కనే కూలబడి ఏడ్చాను. ఆ రోజు తర్వాత కాళ్లు మండుతున్నాయని ఆయన నాతో ఒక్కసారి కూడా అనలేదు.