సుగుణమ్మ టీచరు కుట్టిన బొంత

సుగుణమ్మ టీచరు గారు ఇక లేరన్న వార్త, నేను పొన్నూరులో మా చెల్లెలి ఇంట ఉండగా టెలిగ్రాం రూపంలో చేరింది. నాలుగు మాటలున్న ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివినా అర్థం మనసుకెక్కలేదు. మొన్న గురువారం నాతో అరగంటసేపు వాదించిన మనిషి, ఆదివారం తెల్లవారేసరికి గుండెపోటుతో కన్నుమూయడమేమిటి? గుంటూరులో బస్సు మారి, సత్తెనపల్లిలో దిగి, రిక్షా మీద సమాధుల తోటకు చేరేసరికి మట్టి పూడ్చేశారు. దండలు అప్పుడే వాడిపోతున్నాయి. ఆ పుణ్యమూర్తి కడసారి దర్శనం నాకు దక్కలేదు.

పందొమ్మిదేళ్ళు మేమిద్దరం ఒకే బాలికల హైస్కూల్లో పనిచేశాం. నేను తెలుగు చెప్పేదాన్ని, ఆమె కుట్టుపని నేర్పేవారు. నేను పౌరోహిత్యం చేసుకునే ఇంట పుట్టినదాన్ని. ఆమె మిరపకోతలకు వెళ్ళే తల్లిదండ్రులకు జన్మించి, మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, స్వయంకృషితో ఉపాధ్యాయిని అయినవారు. మొదటి రెండేళ్ళూ మా స్నేహం నమస్కారాలు దాటలేదు. దానికి కారణం నా సంకోచమేనని ఈనాడు సిగ్గుతో ఒప్పుకుంటున్నాను. అది గ్రహించి కూడా ఆమె ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు.

తరగతిలో ఆమె మహా కఠినురాలు. కుట్టు రవ్వంత వంకరపోయినా విప్పించేవారు. ఒకసారి ఒక పిల్ల నాలుగోసారి విప్పుతూ వెక్కివెక్కి ఏడుస్తోంది. "ఏడుపెందుకే? విప్పడం కూడా కుట్టుపనే. అదీ నేర్చుకో" అన్నారు సుగుణమ్మ గారు. ఆ తర్వాత ఆ పిల్ల పక్కనే కింద కూర్చుని, సాయంత్రం గంట కొట్టేదాకా లేవలేదు.

నాలుగేళ్ళ క్రితం, ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో, ఆమె పుట్టిన పేట తగలబడింది. జనమంతా మిరప కల్లాల్లో ఉన్న వేళ ఏ పొయ్యిలోనో నిప్పురవ్వ లేచి, గాలికి పూరిళ్ళన్నీ గంటలో బూడిదయ్యాయి. మర్నాడు మేమిద్దరం వెళ్ళి చూశాం. తిరుగుదారిలో ఆమె హఠాత్తుగా, "శారద గారూ, బొంత కుడదామండీ" అన్నారు.

"ఇళ్ళు పోయినవాళ్ళకి బొంత ఎందుకండీ?"

"వాళ్ళకి కాదు, వేలానికి. మా చర్చిలో కోతపండుగకి కోడిపెట్టని కూడా పోటీపడి పాడతారు. అందమైన బొంతయితే పాడరా? పాస్టరు గారితో నేను మాట్లాడతాను. వానలు పడేలోపు కప్పులకి తాటాకన్నా వచ్చిద్ది."

వేసవి సెలవులన్నీ ఆమె ఇంటి వరండాలోనే గడిచాయి. మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి పాతచీరలు అడిగాను. ఏమంటారోనని నేను భయపడిన మా అత్తగారే, పెట్టె తెరిచి తన పట్టుచీర కొంగు కత్తిరించి ఇచ్చారు. పేట నుంచి దీనమ్మ అనే వృద్ధురాలు అంచు కాలిన చీరముక్క ఒకటి తెచ్చి, "ఇదొక్కటే మిగిలిందమ్మా. పనికొచ్చిద్దా?" అని అడిగింది. సుగుణమ్మ గారు కాలిన అంచు లోపలికి మడిచి, ఆ ముక్కను సరిగ్గా బొంత నడిమధ్యన పెట్టారు.

ఆ వరండాలోనే నేను మొదటిసారి గమనించాను. ఆమెకు సూదిలో దారం ఎక్కడం లేదు. నవ్వుతూ నా చేతికిచ్చేవారు. క్రమంగా ఆమె కుట్లు వరస తప్పసాగాయి. పట్టుబట్టి గుంటూరులో కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. నీటికాసులన్నారాయన. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేననీ అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు మేడికొండూరు దాటాక ఆమె, "బొంత అయ్యేదాకా ఉంటుందంటారా చూపు?" అని అడిగారు. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు నేనొక తప్పు చేశాను. అంచులు కుడతానన్న మిషతో బొంతను ఇంటికి తెచ్చుకుని, ఆమె వేసిన వంకర కుట్లు విప్పి, నా చేత్తో మళ్ళీ కుట్టాను. వేలంలో తక్కువ పలుకుతుందేమోనని భయం. ఆమె నొచ్చుకోకూడదన్న ఆరాటం కూడా. రెండు రోజుల తర్వాత ఆమె బొంతను ఒళ్ళో వేసుకుని, వేళ్ళతో తడిమి చూసి ఆగిపోయారు.

"ఇవి నా కుట్లు కాదండీ."

నేను తలవంచుకున్నాను.

"పిల్లల చేత నేనూ విప్పించాను. కానీ వాళ్ళకి చెప్పి విప్పించాను. మీరు నాకు చెప్పలేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే భరించగలిగేదాన్ని. క్షమించమని అడిగాను. ఆమె దబ్బనం అందుకుని, "సరే, ఎక్కడ వంకరపోతే అక్కడ చెప్పండి. నేనే విప్పుతాను" అన్నారు. ఆనాటి నుంచి నేను చెప్పడం, ఆమె విప్పడం, మళ్ళీ కుట్టడం. ఇంత ఓర్పు మానవమాత్రులకు సాధ్యమా అని నేను విస్తుపోయేదాన్ని.

జూన్ నెలలో ఒక ఆదివారం వేలం జరిగింది. తెల్లదోమ పత్తిని పాడుచేసిన ఏడాది కావడంతో ఎవరి చేతిలోనూ డబ్బు ఆడడం లేదు. తొలుత పాట ముందుకు సాగలేదు. చివరికి ఒక మిరప వ్యాపారి పాడి దక్కించుకుని, "మళ్ళీ వేలం వెయ్యండి, ఇది నా కానుక" అని తిరిగి ఇచ్చేశారు. అలా ఆ బొంత ముగ్గురి చేతులు మారి, మూడు పాటల సొమ్మూ పేటకే చేరింది. తొలకరి పడేలోపు పేటలో ప్రతి ఇంటికీ కప్పు పడింది. సుగుణమ్మ గారు అంతగా నవ్వగా నేను చూసింది ఆనాడే.

కథ అక్కడితో ముగిసి ఉంటే ఎంత బాగుండేది! ఆ తర్వాత చూపు మసకబారుతూ రావడంతో ఆమె ఉద్యోగం మానుకున్నారు. ఈ వేసవిలో ఆ పేట మళ్ళీ కాలిపోయింది. అవే తాటాకు కప్పులు, అదే గాలి. ఆ సంగతి గురువారం నాడు నేనే వెళ్ళి చెప్పాను. ఆమె వరండాలో మంచం మీద కూర్చుని విన్నారు. "దీనమ్మ బాగానే ఉందా?" అని అడిగి, ఉందని తెలిశాక, "అయితే బట్టలు పోగుచెయ్యండి" అన్నారు.

నాకు ఆవేశం వచ్చింది. "ఎన్నిసార్లు కుడతామండీ? పెంకుటిళ్ళు కట్టించాల్సినవాళ్ళు కట్టించరు. మనం తాటాకు వేయిస్తూనే ఉంటాం, అది కాలుతూనే ఉంటుంది. మీకా, కళ్ళు కనపడవు!"

ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది.

"నిజమే" అన్నారామె నిదానంగా. "ఆఫీసులకి అర్జీలు రాయండి. నన్ను చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళండి, నేనూ అడుగుతాను. వాళ్ళు కట్టించేలోపు వానొస్తే మాత్రం తడిసేది పిల్లలండీ."

అరగంట అలాగే వాదించుకున్నాం. నేను ఒప్పుకోలేదు. వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా లేచి వచ్చి, మర్నాడు పొన్నూరు బస్సెక్కాను.

సమాధి దగ్గర అందరూ వెళ్ళిపోయినా దీనమ్మ ఒక్కతీ మిగిలింది. నన్ను చూసి దగ్గరకొచ్చి, "టీచరమ్మ పోయింది. ఇంక మాకెవరున్నారమ్మా?" అంది. నేనున్నానని అనవలసిన చోటు అది. సుగుణమ్మ గారైతే క్షణం ఆలోచించకుండా అనేవారు. నేను మాత్రం అనలేదు. ఆమె సహనం, ఆమె సాహసం నాలో లేవని నాకు తెలుసు. అటువంటి మహనీయురాలు వెళ్ళిపోతే ఆ చోటు నింపడానికి మరొకరు రారు.

పడమట మబ్బు పట్టింది. పేటలో ఇళ్ళకు ఇంకా కప్పుల్లేవు. నేను ఆ తడిమట్టి ముందు చేతులు జోడించి నిలబడ్డాను. అంతకు మించి ఏం చేయాలో నాకు తోచలేదు.