ఆమె దులిపిన నా అంగీలు

ఆ రోజు అబిడ్స్‌లో మనవరాలికి స్కూలు బూట్లు కొని నాంపల్లిలోని మా ఇంటికి నడిచి వస్తున్నాం. నా భార్య యాదమ్మ ఎప్పుడూ నాకంటే ముందు నడుస్తుంది. ఆ రోజు మాత్రం దారిలో మూడుసార్లు ఆగింది. ఇంటి మెట్ల మీద కూలబడి, "ఊపిరి అందుతలేదు, జర ఆగు" అంది. ముసలిదానివయ్యావని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు కనిపించింది. సూదితో తీశారు. టీబీ కావచ్చని డాక్టర్ మందులు మొదలుపెట్టారు. ఏం పని చేస్తారని అడిగితే, ఇంట్లోనే ఉంటానంది యాదమ్మ. ఎన్నడైనా దుమ్ములో పనిచేశారా అని మళ్లీ అడిగారు. లేదంది. పక్కనే కూర్చున్న నేను నోరు మెదపలేదు.

నేను ఇరవై ఏళ్లకు పైగా షెడ్లకు ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు కోసి బిగించాను. కట్టర్ పెడితే తెల్లటి దుమ్ము లేచేది. అది ఛాతీకి మంచిది కాదని మేస్త్రీ అంటే ముక్కుకు దస్తీ కట్టుకునేవాణ్ణి. సాయంత్రం యాదమ్మ నన్ను గడప బయటే నిలబెట్టి తువ్వాలతో దులిపేది. తడిస్తే సిమెంటు బట్టకు పట్టేస్తుందని, అంగీలు నానబెట్టే ముందు గట్టిగా విదిలించేది. అలా చేయమని చెప్పింది నేనే. నువ్వూ ముక్కుకు ఏదైనా కట్టుకో అని ఒక్కరోజూ అనలేదు.

డాక్టర్ దుమ్ము అనగానే నాకు ఇదంతా మెదిలింది. చెబితే తప్పు నాదని తేలిపోతుందని భయపడ్డాను. టీబీయే కావాలని దేవుడికి మొక్కుకున్నాను.

రెండు నెలలకు నీరు మళ్లీ నిండింది. అప్పుడు డాక్టర్‌ను పక్కకు పిలిచి చెప్పాను. డాక్టర్ "ఇది మొదటిరోజే చెప్పాల్సింది. బయాప్సీ అప్పుడే చేయించేవాళ్లం" అన్నారు. తర్వాత బయాప్సీలో మీసోథీలియోమా అని తేలింది. ఊపిరితిత్తి పొరకు వచ్చే క్యాన్సర్. రేకులు కోసేవాళ్లకే కాదు, వాళ్ల బట్టలు ఉతికేవాళ్లకూ ఈ ముప్పు ఉందని, ఎన్నో ఏళ్లకు గానీ బయటపడదని వివరించారు.

ఆ రోజే దవాఖాన వరండాలో యాదమ్మకు అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు.

"దుమ్ము గిట్ల చేస్తదని నీకేం తెలుసు? గని సారు అడిగినప్పుడు ఎందుకు చెప్పలే?"



కీమో మొదలుపెట్టారు. మూడోసారికి రక్తకణాల సంఖ్య పడిపోయి కొన్ని వారాలు ఆపేశారు. మళ్లీ ఇచ్చారు. జబ్బు పోలేదని, ప్రస్తుతానికి అదుపులో ఉందని అంటున్నారు. యాదమ్మ కూర్చునే వంట చేస్తుంది. బట్టలు నేను ఉతుకుతున్నాను. మొన్న నాకూ సీటీ స్కాన్ తీశారు. ఏమీ లేదన్నారు. అది విని ఆమె సంతోషంతో నా చెయ్యి పట్టుకుంది. నేను తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీ ఇంట్లో ఎవరికైనా ఊపిరి ఆడకపోతే, పేషెంట్ చేసిన పని ఒక్కటే డాక్టర్‌కు చెప్పి ఊరుకోకండి. ఆ మనిషి ఎవరి బట్టలు ఉతికిందో కూడా చెప్పండి. డాక్టర్ అడగకపోయినా చెప్పండి, తప్పు మీదే అయినా చెప్పండి.