సందులున్న చాయ్ పళ్ళెం

ఆ పళ్ళేన్ని పాడుచేసింది నేనే. దానంతటదే విరిగిందని చెప్పుకునే వీలు కూడా లేదు. కష్టపడి, ఇష్టపడి, ఎండలో ఆరబెట్టి మరీ పాడుచేశాను.

ప్రపంచమంతా యుద్ధం జరుగుతున్న రోజులవి. పంజాగుట్టలో బండరాళ్ళ నడుమ ఒక పెద్ద బంగళా ఉండేది. దాని వెనక రెండు గదుల్లో చీనా దేశపు పళ్ళ డాక్టరు ఒకాయన తల్లితో అద్దెకుండేవాడు. పొద్దున్నే సైకిలెక్కి సికింద్రాబాదులోని తన దవాఖానాకు పోయి దీపాల వేళకు వచ్చేవాడు. తల్లికి డెబ్బై ఏళ్ళుంటాయి. చిన్న మనిషి, గట్టి మనిషి. నేను అమీర్‌పేట నుంచి నడిచి వెళ్ళి, అంట్లు తోమి, బట్టలుతికి, నీళ్ళు నింపి, ఎండ ముదరకముందే ఇంటికి వచ్చేదాన్ని. ఆమెను నేను అమ్మా అనేదాన్ని, ఆమె నన్ను బేటీ అనేది. ఆమెకు కాస్త ఉర్దూ, కూరగాయల గంపల దగ్గర నేర్చిన నాలుగు తెలుగు ముక్కలు వచ్చు. మిగిలిన మాటలు చేతులతో ఆడుకునేవాళ్ళం.

చేరి పది రోజులైందేమో. గోడకు చేరవేసి ఉన్న వెదురు పళ్ళెం ఒకటి నా కంట పడింది. మూరెడు పొడవు, జానెడుకు కాస్త ఎక్కువ వెడల్పు. అడుగున లోతుగా ఒక డబ్బా, పైన పక్కపక్కనే పేర్చిన వెదురు బద్దలు. ప్రతి రెండు బద్దలకూ నడుమ సందు. అయ్యో, పాతబడి బద్దలు ఎడమయ్యాయే అనుకున్నాను. మా ఇళ్ళలో చాట సందులు పడితే పారేయం. మెంతులు నానబెట్టి, పాత పొట్లాల కాగితాలు అందులో వేసి మెత్తగా రుబ్బి, చాటకు అలుకుతాం. ఎండితే నూకలు కూడా జారవు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్త నా చేతికిచ్చిన మొదటి పని అదే. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు మా వాడలో లేరు.

మర్నాడు మెంతి ముద్ద ఆకులో చుట్టుకుని తీసుకెళ్ళాను. పెద్దావిడ లోపల నడుం వాల్చి ఉంది. బద్దల సందులన్నీ పూడ్చి, తడి చేత్తో నున్నగా తుడిచి, బండ మీద ఎండలో పెట్టాను. మధ్యాహ్నానికి పెళపెళలాడుతూ ఎండింది. ఆమెకు చూపించి మెప్పు పొందాలనే ఆ రోజు ఇంటికి పోకుండా ఆగాను.

ఆమె బయటికి వచ్చి చూసింది. వేలితో సందు కోసం తడుముకుంది. దొరకలేదు. తొట్టిలో నీళ్ళు పోసి పళ్ళేన్ని నానబెట్టి, చెక్క పుల్లతో గీకడం మొదలుపెట్టింది. ఎండకు బిగిసిన వెదురు పుల్ల ఒత్తిడికి ఈ చివర నుంచి ఆ చివరకు పగిలింది. ఆమె పుల్ల కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఏమీ అర్థం కాలేదు. తప్పు జరిగిందని మాత్రం తెలిసింది.

అర్థమయ్యేలా చెప్పింది ఆమె కొడుకు, ఆ వచ్చే ఆదివారం. ఆయన ఉర్దూలో చెప్పినదాన్ని నా మాటల్లో రాస్తున్నాను. ఆమె ప్రతి మధ్యాహ్నం జామకాయంత మట్టి కూజాలో చాయ్ కాస్తుందట. ముందు కూజా మీద వేడి నీళ్ళు పోసి కడగాలి. ఆకు వేసి పోసిన మొదటి నీళ్ళు పారబోయాలి. తర్వాత కూజా పొంగి పొర్లేదాకా పోయాలి. ఆ నీళ్ళన్నీ బద్దల సందుల్లోంచి అడుగు డబ్బాలోకి పోతాయి. ఆ పళ్ళెం ముందు తండ్రీ, తల్లీ ఇద్దరూ కూర్చునేవారు. తండ్రి పోయాక కూడా ఆమె ఒక్కతే కూర్చుంటోంది.

"ఇప్పుడు కూర్చుంటలేదు," అన్నాడు డాక్టరు. "గ్లాసులో పోసిస్తే తాగదు. నా చాయ్ అయిపోయిందిలే అంటది. నిన్నేమీ అనలేదు, ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అన్న మాటే నన్ను కాల్చింది. తిట్టి ఉంటే తిట్లు తిని ఊరుకునేదాన్నేమో.

"నేను చేయిస్త సాబ్, గసొంటిదే."

ఆయన నవ్వాడు. "చీనా నుంచి ఉత్తరాలే వస్తలేవు. పళ్ళెం ఎట్లొస్తది?"

"చీనా ఎందుకు సాబ్? మన తాన చెట్లు లేవా?"

ఆయన నా మాట పట్టించుకోకుండా మరుసటి వారం ఒక ఇత్తడి తాంబాళం కొనుక్కొచ్చాడు. కొడుకు మొహం చూసి కాదనలేక ఆమె దాని మీద కూజా పెట్టింది. ఠంగుమంది. వేడి నీళ్ళు పోస్తే ఎక్కడివక్కడ నిలిచాయి. కూజా సగం నీళ్ళలో కూర్చుంది. ఆమె కూజా తీసి, తుడిచి, అలమారలో పెట్టేసింది. నేను గుమ్మంలో నిలబడి అన్నీ చూశాను. నీళ్ళు నిలవకూడదు, చప్పుడు కాకూడదు. ఈ రెండూ మనసులో వేసుకున్నాను.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. చదువు నాకు యాభై దాటాక వచ్చింది. ఇప్పుడైతే కొలతలు కాగితం మీద రాసుకునేదాన్ని. అప్పుడు పగిలిన పళ్ళెం పక్కన నూలు దారం పరిచి, పొడవుకో ముడి, వెడల్పుకో ముడి, లోతుకో ముడి వేసుకుని, దాన్ని కొంగున కట్టుకున్నాను.

యూసుఫ్‌గూడ బాట మీద వెదురు అల్లే ముసలమ్మ ఒకామె ఉండేది. దారం చూపించాను.

"చాట కావాల్నా, తట్ట కావాల్నా?"

"రెండు కాదు అవ్వా. నీళ్ళు పోస్తే కారిపోవాలె."

ఆమె కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "నలభై ఏండ్ల సంది అల్లుతున్న బిడ్డా. కారిపోయేది కావాలని వచ్చినదానివి నువ్వే మొదలు. పైసలిచ్చి ఓటిది కొనుక్కుంటవా?"

అయినా అల్లింది. ముద్దుగా అల్లింది. తీసుకెళ్ళి పెద్దావిడ ముందు పెట్టాను. ఆమె కూజా పెట్టి కొనవేలితో తాకింది. అల్లిక ఎగుడుదిగుడు, కూజా ఊగింది. ఆమె తలాడించి కూజా తీసేసింది. మూడోది కూడా మనసులో వేసుకున్నాను: కూజా కదలకూడదు. అల్లింది పనికిరాదు, పేర్చిందే కావాలి.

ఇంటి దగ్గర మా అత్త ఊరుకుంటుందా?

"పనికి పొమ్మంటే పని నెత్తిన పెట్టుకొని వచ్చిందమ్మ నా కోడలు. మెంతులు నావి, పేరు చీనోళ్ళది, తిరుగుడు దీనిది!"

"నువ్వు నేర్పిన పనే కదత్తా నన్ను గిట్ల చేసింది."

"నేను చాటకు నేర్పిన. చాయ్‌కి నేర్పిన్నా?"

పక్కవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు మళ్ళీ బయల్దేరాను.

పంజాగుట్టలో బంగళాలకు తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి ఒకాయన ఉన్నాడు. ఈసారి పళ్ళెం అడిగే ముందు కర్ర చూడాలనుకున్నాను. పెద్దావిడ దేన్ని చేతికి తీసుకున్నా ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూడడం గమనించాను. పగిలిన పళ్ళేన్ని ఆమె మళ్ళీ ముట్టకపోవడానికి పగులొక్కటే కారణం కాదు, మెంతి వాసన కూడా. అందుకని వడ్రంగి కొట్టంలో రాలిన చెక్క పేళ్ళు రకానికొకటి ఏరి, రాళ్ళ పొయ్యి మీద నీళ్ళు కాచి, ఒక్కో ముంతలో ఒక్కో పేడు వేసి ఆ నీళ్ళు పోశాను.

"ఏందక్కా, కట్టెల చారు కాస్తున్నవా? జర చింతపండు వెయ్యి," అన్నాడు ఆయన రంపం ఆపకుండానే.

"నువ్వు సుత వాసన చూడన్నా."

"పొద్దుగాల నుంచి అదే పీలుస్తున్న. ఇంక ముక్కు యాడుంది?"

వేప చేదు వాసన కొట్టింది. మామిడి పులిసినట్టుంది. టేకు మీద నూనె తేలింది. నాలుగో ముంతలో ఏ వాసనా లేదు. రెండుసార్లు చూశాను. వట్టి వేడి నీళ్ళే.

"ఇదేం కట్టె?"

"గుమ్మడి టేకు. తేలిక కట్టె. మద్దెలలకు, బొమ్మలకు పోతది. తలుపులకు ఎవరడుగుతరు దాన్ని?"

"నాకు గదే కావాలె. అతుకు లేకుండ ఒకటే దిమ్మె తొలవాలె. మొల కొట్టొద్దు. రంగు పుయ్యొద్దు."

ఇంతవరకూ ఒప్పుకున్నాడు. బద్దల దగ్గర ఆగిపోయాడు. సందు విడిచి పేర్చమంటే కోపమొచ్చింది.

"చూడక్కా, సందు లేకుండ కూర్చుడే మా పని. నా తలుపుల నుంచి చీమ దూరదు. సందులు పెట్టినంక ఎవడన్న చూస్తె ఏమంటడు? చేతగాక ఇడిసిపెట్టిండంటడు."

ఆయన అన్నది నాకు ఎంత బాగా తెలుసో ఆయనకేం తెలుసు! కాని తగ్గలేదు. "ఎవరన్న అడిగితే నేనే పెట్టమన్ననని చెప్పు. పిచ్చిదుండె, అదే చేయించుకున్నదని చెప్పు."

"చెప్తలే. అది సుత అబద్ధం కాదు," అన్నాడు.

బద్దలు మాత్రం వెదురువే ఉండాలన్నాను. వేడి నీళ్ళు రోజూ తగిలితే పలచని కర్ర బద్దలు వంకర పోతాయని ఆయనే చెప్పాడు. యూసుఫ్‌గూడ ముసలమ్మ ముదురు వెదురు చీల్చి, కణుపులు కోసి, చదునుగా గీసి ఇచ్చింది. డబ్బు అడిగే ముందు ఒకటే అడిగింది, "ఇది సుత ఓటిదేనా?" అని.

పూర్తయ్యాక వెళితే కొట్టంలో ఒకటి కాదు, రెండు పళ్ళేలున్నాయి. ఒకటి నేను చెప్పినది, బోడిగా, తెల్లగా, పిండి పిసికే మరిగెలా ఉంది. రెండోది ఆయన తన ముచ్చట కోసం చేశాడు. నల్లటి జిట్రేగి కర్ర, అంచు చుట్టూ తీగ, తీగకు ఆకులు, మూలకో చిలుక. నిజం చెప్పాలంటే నా కళ్ళు దాని మీదే నిలిచాయి. ఇంత అందమైన వస్తువు నేను ఏనాడూ చేత్తో పట్టుకోలేదు.

"గది తీసుకపో. పైసలు అంతే," అన్నాడు. "డాక్టర్ సాబ్ ఇంట్ల నా పేరు నిలవాలె."

ఇది పెడితే పెద్దావిడ మొహం వెలిగిపోతుందేమో అనిపించింది. చివరకు చెంబుతో నీళ్ళు తెచ్చి రెండింటి మీదా పోశాను. బోడి పళ్ళెం మీద నీళ్ళు జారిపోయాయి. రెండోదాని తీగలో, ఆకుల్లో, చిలుక కంట్లో నీళ్ళు నిలిచాయి. అక్కడే రేపు చాయ్ ఆకు కూడా ఇరుక్కుంటుంది. వేలు పెట్టి ఆయనకు చూపించాను. ఆయన చూసి, పైపంచెతో చిలుకను తుడిచి, దాన్ని గూట్లో పెట్టేసుకున్నాడు.

బోడిదాన్ని తిన్నగా ఆమెకు ఇవ్వలేదు. ఇంట్లో వారం రోజులు పెట్టుకుని, రోజూ దాని మీద మరిగే నీళ్ళు పోశాను. మంచి పనైంది. మూడో రోజుకు బద్దలు నీళ్ళు తాగి ఉబ్బి ఒకదానికొకటి ఆనుకున్నాయి. సందులు మూసుకుపోయాయి. వడ్రంగి దగ్గరికి మోసుకెళితే పొట్ట పట్టుకు నవ్వాడు. "చూసినవా? సందు ఉండొద్దని వెదురుకు సుత తెలుసు!"

నవ్వనిచ్చి, బద్దలు విప్పించి, ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, అంచులు మళ్ళీ గీయించాను. పొడిగా ఉన్నప్పుడు ఎడం ఎక్కువైందనిపించేంత సందు పెట్టించాను. తడిశాక సరిగ్గా బియ్యపు గింజ పట్టేంత మిగిలింది. మళ్ళీ వారం నీళ్ళు పోశాను. సందు నిలిచింది. అప్పుడు నెత్తిన పెట్టుకుని పంజాగుట్టకు నడిచాను.

ఆమె ముందు పెట్టి పక్కన నిలుచున్నాను. ఆమె తిరగేసి చూసింది. అడుగున అరచేత్తో రుద్దింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత లేచి నీళ్ళు కాచింది. ఉత్త పళ్ళెం మీద మరిగే నీళ్ళు పోసి, ఆవిరి లేస్తుండగా వంగి మళ్ళీ వాసన చూసింది. అలమార తెరిచింది. కూజా తెచ్చి బద్దల మీద పెట్టింది. చప్పుడు లేదు. కొనవేలితో తాకింది. కదల్లేదు.

అప్పుడు రేకు డబ్బా తీసింది. ఆకు అడుగంటింది. యుద్ధం తీరేదాకా ఇంకొకటి రాదు. ఎంత వేయాలా అని ఒక్క క్షణం చూసి, మామూలుగా ఎంత వేస్తుందో అంతా వేసినట్టుంది, కూజా మూతి దాకా వచ్చింది. మొదటి నీళ్ళు పారబోసింది. రెండోసారి పొర్లేదాకా పోసింది. నీళ్ళు గుటకేసినట్టు బద్దల కిందికి పోయాయి. నన్ను ఎదురుగా కూర్చోమని చెయ్యి చూపి, నిమ్మచెక్కంత గిన్నెలో పోసి ఇచ్చింది. పాలు లేవు, చక్కెర లేదు. కాల్చిన ఆకు నమిలినట్టుంది. మొహం చిట్లించకుండా మింగాను. తర్వాత ఆమె దగ్గర ఎన్నిసార్లు తాగినా ఆ రుచి నాకు నచ్చలేదు, ఆ మాట ఆమెకు చెప్పనూ లేదు.

మూడోసారి పోసింది, నాలుగోసారి పోసింది. ఎక్కడైనా నీళ్ళు నిలుస్తాయేమోనని నేను పళ్ళెం మీద నుంచి కళ్ళు తీయలేదు. ఆమె కూడా అదే చూస్తోంది. ఐదోసారికి ఆమె పళ్ళెం వైపు చూడడం మానేసింది. కిటికీలోంచి బండల మీది ఎండను చూస్తూ, తనలో తాను ఏదో తన భాషలో చెప్పుకుంటూ, కూజా ఎక్కడుందో చేతికే తెలిసినట్టు పోస్తోంది.

ఇక చూడాల్సింది లేదు. గిన్నె బోర్లించి లేచాను. అంట్లు ఇంకా తోమలేదు.