మొగిలి ఘాటులో చింతదిమ్మె

మొన్న బెంగుళూరు నుంచి వచ్చిన మా మనవరాలు, తన ఆఫీసులో ఇద్దరు ఆరు నెలలుగా మాట్లాడుకోవడం లేదనీ, వాళ్లను కలపడానికి కంపెనీవారు ఎవరో కోచ్‌ను పిలిపించారనీ, ఆయన ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరి మంచి గుణాలు ఒకరి చేత కాగితం మీద రాయించాడనీ, చివరికి వాళ్లు చేతులు కలిపితే అందరూ చప్పట్లు కొట్టారనీ చెప్పింది. నేను నవ్వాను. చేతిలో కాఫీ అయిపోయేసరికి నవ్వు పోయి కోపం వచ్చింది. మా బావ మంచి గుణాలు రాయమని ఆ రోజుల్లో ఎవరైనా నాకు కాగితం ఇచ్చి ఉంటే దాన్ని బొగ్గు పొయ్యిలో వేసేవాణ్ణి, వీలైతే ఆయనను కూడా.

బొగ్గు బస్సుల సంగతి మన ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు. యుద్ధం వచ్చి పెట్రోలు కరువైనప్పుడు చిత్తూరు నుంచి పలమనేరు పోయే మా బస్సుకు వెనక పీపాయంత ఇనుప పొయ్యి తగిలించారు. అందులో బొగ్గు రాజేసి, పక్కనున్న పంకా పిడిని అరగంట తిప్పితే ఏదో పాడు గ్యాసు పుట్టి, దానితో ఇంజను నడిచేది. పంకా తిప్పడం, బొగ్గు పోయడం, మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు బస్సు పక్కనే నడుస్తూ, బండి ఆగిందంటే వెనక చక్రం కింద చింతకొయ్య దిమ్మె అడ్డం వేయడం క్లీనరుగా నా పనులు. డ్రైవరు మా అక్క మొగుడు. ఏడాదిలో వీణ్ణి డ్రైవరును చేస్తానని మా ఇంట్లో అన్నం తింటూ మా నాయనకు మాట ఇచ్చి మరీ నన్ను పనిలో పెట్టించాడు. రెండేళ్లయింది, నాకు ఇరవై రెండు నిండాయి, స్టీరింగును తుడవనివ్వడమే తప్ప పట్టుకోనిచ్చిన పాపాన పోలేదు. షెడ్డులో ఇంజన్లు బాగుచేసే మేస్త్రి తాత మాత్రం, మా బావ టీకి పోయినప్పుడు, బండిని ముందుకూ వెనక్కూ జరపనిచ్చేవాడు.

ఇంతలో మా బస్సు యజమాని రెండో బండి కొన్నాడు. ఆయనను మేమంతా ముదలాళి అనే పిలిచేవాళ్లం. మీ బావమరిదికి ఇద్దామా అని ఆయన షెడ్డు ముందు పదిమందిలో అడిగితే, మా బావ తల కూడా తిప్పకుండా జవాబిచ్చాడు.

"వాడా? పంకా తిప్పేదానికైతే సరిపోతాడు సామీ. స్టీరింగిస్తే అందర్నీ లోయలోకి తోలేస్తాడు."

అందరూ నవ్వారు. ఆ బండి నాకన్నా చిన్నవాడైన పలమనేరు మనిషి ఎవరికో పోయింది. ఆ రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు. పంకా తిప్పే అరగంటా ఆయన మీద కక్ష ఎట్లా తీర్చుకోవాలా అన్నదే ఆలోచన. ఒక్కో తిప్పుకు ఒక్కో దారి తోచేది. మా అక్క తాళి గుర్తొచ్చి వాటిలో కొన్ని వదిలేసుకున్నాను. చివరికి పరువు ఒక్కటి తీస్తే చాలనుకున్నాను. మొగిలి ఘాటులో తన బండి నిలిచిందని ఎవడన్నా చెబితే మీసం తీయించుకుంటానని ఆయన ఎప్పుడూ గొప్పలు పోయేవాడు. ఆ మీసమే నాకు కావలసి వచ్చింది.

ముదలాళి స్వయంగా పలమనేరు ప్రయాణం పెట్టుకున్న రోజు పొద్దున, నేను రెండు గోతాల బొగ్గును తొట్టి నీళ్లలో ముంచి, పైన పొడి బొగ్గు పరిచి మూతి కట్టాను. ఘాటు మొదట్లో బస్సు ఆగగానే, అలవాటు ప్రకారం జనం దిగి ముందు నడుస్తుంటే, ఆ తడి బొగ్గునంతా పొయ్యిలో పోశాను. బస్సులో ముదలాళి, నడవలేని ఇద్దరు ముసలమ్మలు మాత్రం మిగిలారు. మూడో మలుపులో ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ముదలాళి పెద్ద గొంతుతో తిట్లు లంకించుకున్నాడు. ముందు నడుస్తున్నవాళ్లు నిలబడి చూస్తున్నారు. నాకు ఒళ్లంతా చల్లబడినట్టయింది. ఆ సుఖం అబద్ధమని ఈ వయసులో కూడా అనలేను.

అప్పుడు బ్రేకు పట్టు తప్పి బండి మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది.

"దిమ్మె ఎయ్ రా!" అని మా బావ అరిచాడు.

దిమ్మె నా చేతిలోనే ఉంది. వేయలేదు. ఎంతోసేపు కాదు, రెండు ఊపిర్ల సేపు. ఇంకొక్కసారి పిలిపించుకోవాలని, ఆ గొంతులో భయం వినాలని నిలబడ్డాను. లోపల ముసలమ్మ గోవిందా అని కేక పెట్టాక వేశాను. లోయ అంచుకు మూరెడు దూరంలో చక్రం నిలిచింది. తల ఎత్తి చూస్తే మా బావ కిటికీలోంచి వెనక్కి వంగి నన్నే చూస్తున్నాడు. నా చేతులనూ చూశాడు, నా ముఖాన్నీ చూశాడు.

కబురందుకుని వచ్చిన మేస్త్రి తాత పొయ్యి తెరిచి, ఒక బొగ్గు ముక్కను అరచేతిలో నలిపి, మా ఇద్దరి వంకా చూశాడు. మా బావ ముదలాళితో, పొద్దున బొగ్గు చూసుకోకపోవడం నాదే పొరపాటు సామీ అన్నాడు. తాత అరచేతిని పంచెకు తుడుచుకుని పొయ్యి మూసేశాడు. మరుసటి పొద్దున ఖాళీ బస్సులో మమ్మల్నిద్దరినీ అదే మలుపుకు తీసుకుపోయి దింపాడు.

"నిన్న ఈడు యాడ నిలబడినాడో ఈపొద్దు నువ్వు ఆడ నిలబడు," అని మా బావ చేతికి దిమ్మె ఇచ్చాడు. నా వైపు తిరిగి, "రేయ్, నువ్వు పొయ్యి మీ బావ సీట్లో కూసో. ఇద్దురూ కలిసి బండిని పైకి తెండి. నేనీడ బీడీ తాగుతా ఉంటా," అన్నాడు.

సమాధానపరచడమంటే ఆయనకు తెలిసింది అంతే.

రెండేళ్లుగా కలలు కన్న సీట్లో కూర్చుని బండి తీశాను. బండి నాలుగు బారలు పోయిందో లేదో క్లచ్చి తప్పి ఇంజను ఆగింది. బండి వెనక్కి జారుతోంది. కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాను. చేతిలో దిమ్మెతో మా బావ. ఆయన ఏం చేస్తాడో నాకు తెలుసు, ఎందుకంటే నేనైతే ఏం చేసేవాణ్ణో తెలుసు. అరవడానికి నోరు తెరిచాను. కేక బయటికి రాకముందే చక్రం కింద దిమ్మె పడింది.

బతికానన్న సంతోషం కలగలేదు. ఓడిపోయానని ఒళ్లు మండింది. ఆయన చేతుల మట్టి దులుపుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"క్లచ్చి నిదానంగా ఇడువు. మళ్లా తియ్."

అదే ఆయన నాకు చెప్పిన మొదటి పాఠం. ఆ పొద్దు బండి ఎన్నిసార్లు ఆగిందో, అన్నిసార్లూ దిమ్మె నా కేకకన్నా ముందే పడింది. తర్వాత నాలుగు నెలల్లో, దారి పొడుగునా నోటికొచ్చినట్టు తిడుతూ, నన్ను డ్రైవరును చేశాడు. క్లచ్చికి తిట్టాడు, గేరుకు తిట్టాడు. ఆ రెండు ఊపిర్ల సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తితే చెప్పడానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది, మా నాయనకిచ్చిన మాట తప్పిందెవరని అడగాలని ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాను. ఆయన పోయే వరకూ ఆ అవకాశం ఇవ్వలేదు. మా అక్కకు కూడా చెప్పలేదు.

ఇదంతా విని మా మనవరాలు, అయితే మీరిద్దరూ కలిసిపోయినట్టే కదా తాతయ్యా అంది. ఇప్పుడు మొగిలి ఘాటు వెడల్పాటి రోడ్డయింది. బస్సు ఎక్కినవాళ్లు కునుకు తీస్తుండగానే కొండ దాటిపోతుంది, దిమ్మె అంటే క్లీనర్లకే తెలియదు. మనవరాలి ఆఫీసులో చేతులు కలిపిన ఆ ఇద్దరిలో ఎవరి ప్రాణమూ ఇంకొకరి చేతిలో లేదు, అది మంచిదే. అదే తప్పు ఆయన చేసి ఉంటే నేనైతే చిత్తూరంతా చాటేవాణ్ణి. ఆయన నాది ఒక్కరికీ చెప్పకుండా పోయాడు. ఆ దారిన పోయినప్పుడల్లా, మలుపు ఎక్కడుండేదో కూడా తెలియకుండా, కిటికీలోంచి వెనక్కి చూస్తాను. ఒక్కసారి ఆ రెండు ఊపిర్ల మాట ఎత్తి నన్ను తిట్టి పోయి ఉండకూడదా అని ఆయన మీద ఇప్పటికీ కోపమే.